ఒక పెద్ద సంఖ్య గుణధర్మాలను కాగితం మీదే తేల్చడం ఎలా: 8,75,39,319తో అంచెలంచెలుగా

ఏడెనిమిది అంకెల పూర్ణసంఖ్య ఒకటి చేతికిచ్చి దాని ధర్మాలన్నీ రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని పాఠకులు తరచూ అడుగుతున్నారు. ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కొందరు వెబ్‌సైటు ఇచ్చిన జాబితాను నకలు చేసుకుంటారు గాని, అందులోని ఏ సంఖ్య ఎలా వచ్చిందో చెప్పలేరు.

ఈ మార్గదర్శిలో ఒకే ఒక్క సంఖ్యను మొదటినుంచి చివరిదాకా పరీక్షిస్తాం. అది 8,75,39,319, అంటే ఎనిమిది కోట్ల డెబ్బై ఐదు లక్షల ముప్పై తొమ్మిది వేల మూడు వందల పంతొమ్మిది. రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1,729 రెండు ధన పూర్ణాంకాల ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య కాగా, మూడు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య ఇది. ఆ మూడు విధాలను కూడా మనమే వెతికి పట్టుకుంటాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గళ్ల కాగితం. అంకెలు నిలువు వరుస తప్పితే భాగహారం తప్పుతుంది.
- 100 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. అవి 25. వాటికి 101, 103, 107, 109, 113 చేర్చుకుంటే ఈ లెక్కకు సరిపోతుంది.
- 30 వరకు వర్గాలు, 12 వరకు ఘనాలు నోటికి వస్తే మంచిది, రాకపోతే పక్కన రాసి పెట్టుకోవాలి.
- కాలిక్యులేటర్ వాడదలిస్తే కనీసం 10 అంకెలు చూపేది కావాలి. 8 అంకెల కాలిక్యులేటర్‌లో మన సంఖ్య పడుతుంది గాని, దాని భాజకాల మొత్తం పట్టదు.

పని క్రమం ఇలా ఉండాలి: శేషాలు, వర్గ ఘన పరీక్షలు, ప్రధాన కారణాంక విభజన, భాజకాల లెక్క, వర్గీకరణ, ఘనాల మొత్తాలు, వర్గాల మొత్తాలు, చివరగా అంకెల ఆటలు. శేషాలను మొదట రాసుకోవడానికి కారణం ఉంది. అవి ఒక్క నిమిషంలో వస్తాయి, తరువాత చేసే ప్రతి పెద్ద లెక్కకూ సాక్ష్యంగా నిలుస్తాయి.

## 2. సంఖ్యను సరిగ్గా గుంపులు చేయడం

మనం కామాలు పెట్టే పద్ధతి 8,75,39,319. చివర మూడంకెలు, ఆ పైన రెండేసి అంకెలు వస్తాయి. చదవడానికి ఇది చక్కగా ఉంటుంది గాని, భాజనీయతా పరీక్షలకు నేరుగా పనికిరాదు. అందుకే అదే సంఖ్యను ఇంకో రెండు విధాలుగా రాసుకోవాలి.

- మూడేసి అంకెలు: 87 | 539 | 319
- రెండేసి అంకెలు: 87 | 53 | 93 | 19

గుంపులు ఎప్పుడూ కుడి చివరినుంచి విడదీయాలి. మూడేసి గుంపులను కూడితే 999తో, అంటే 27 × 37తో సంబంధం వస్తుంది. వాటినే కుడినుంచి ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసివేస్తూ పోతే 1001తో, అంటే 7 × 11 × 13తో సంబంధం వస్తుంది. ఈ రెండు లబ్ధాలు గుర్తుంటే అయిదు ప్రధాన సంఖ్యల పరీక్ష రెండు వరుసల్లో అయిపోతుంది.

## 3. శేషాలు రాసుకోవడం

4, 8. చివరి రెండంకెలు 19. దాన్ని 4తో భాగిస్తే శేషం 3. చివరి మూడంకెలు 319 = 8 × 39 + 7 కనుక 8తో భాగిస్తే శేషం 7. ఈ 7ను ఎర్ర సిరాతో రాసుకోండి, తొమ్మిదో అంచెలో దీనితో పెద్ద పని ఉంది.

9. అంకెల మొత్తం 8 + 7 + 5 + 3 + 9 + 3 + 1 + 9 = 45. కాబట్టి 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది.

27, 37. 87 + 539 + 319 = 945. ఇది 27 × 35 కనుక 27 పోతుంది. 945 = 37 × 25 + 20 కనుక 37 పోదు.

7, 11, 13. 319 − 539 + 87 = −133. ఇక్కడ 133 = 7 × 19, అందువల్ల 7 పోతుంది. 133ను 11తో భాగిస్తే 1, 13తో భాగిస్తే 3 మిగులుతాయి కాబట్టి ఆ రెండూ పోవు. అసలు సంఖ్యను 11తో భాగిస్తే వచ్చే శేషం −1, అంటే 10.

2, 5. చివరి అంకె 9. రెండూ పోవు.

ఇంతవరకు భాగహారం ఒక్కటీ చేయలేదు. అయినా సంఖ్య బేసి అనీ, ప్రధాన సంఖ్య కాదనీ, 27, 7 దాని భాజకాలనీ తెలిసిపోయింది.

## 4. వర్గమా, ఘనమా, త్రిభుజ సంఖ్యా

బేసి వర్గాన్ని 4తో భాగిస్తే శేషం ఎప్పుడూ 1 వస్తుంది. మనకు 3 వచ్చింది, కనుక ఇది వర్గం కాదు. అయినా వర్గమూలం ఎంత దగ్గరలో ఉందో తెలియాలి, ఎందుకంటే ప్రధాన సంఖ్యలను ఎంతవరకు పరీక్షించాలో అదే చెబుతుంది. 9,356 వర్గం 8,75,34,736, 9,357 వర్గం 8,75,53,449. కాబట్టి హద్దు 9,356.

ఘనమూలం విషయంలో 444 ఘనం 8,75,28,384, 445 ఘనం 8,81,21,125. మన సంఖ్య 444 ఘనం కంటే 10,935 మాత్రమే ఎక్కువ. ఘనానికి ఇంత చేరువగా ఉన్నా ఘనం కాదు.

త్రిభుజ సంఖ్య (1 నుంచి వరుస సంఖ్యలను 1 + 2 + 3 అంటూ కూడితే వచ్చేది) అవునో కాదో చూడాలంటే 8తో గుణించి 1 కలపాలి. 70,03,14,553 వస్తుంది. ఇది 26,463 వర్గానికీ (70,02,90,369), 26,464 వర్గానికీ (70,03,43,296) నడుమ ఉంది. వర్గం కాలేదు కనుక త్రిభుజ సంఖ్య కాదు.

## 5. ప్రధాన కారణాంక విభజన

పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ అధ్యాయంలో చదివిన అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం ఇక్కడ పని చేస్తుంది. ఏ దారిన విడదీసినా చివరికి వచ్చే ప్రధాన కారణాంకాలు అవే. అయితే ఏ దారిన పోతే శ్రమ తగ్గుతుందన్నది మన చేతిలో ఉంది. ఒక కారణాంకం దొరికిన వెంటనే దానితో భాగించి, మిగిలిన భాగఫలంతోనే ముందుకు పోవాలి. అసలు సంఖ్యను పట్టుకుని కూర్చుంటే 9,356 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటినీ పరీక్షించవలసి వస్తుంది.

మొదటి మెట్టు. 8,75,39,319 ÷ 27 = 32,42,197. దీని అంకెల మొత్తం 28, కనుక 3 ఇక పోదు. కారణాంకం 3³ దగ్గర ఆగింది.

రెండో మెట్టు. 32,42,197 ÷ 7 = 4,63,171. మరోసారి 7తో భాగిస్తే శేషం 2. ఇప్పుడు హద్దు 680కి దిగింది, ఎందుకంటే 680 వర్గం 4,62,400, 681 వర్గం 4,63,761.

మూడో మెట్టు. 4,63,171ను వరుసగా భాగిస్తే 17కు శేషం 6, 19కి 8, 23కు 20, 29కి 12. 31తో మాత్రం నిశ్శేషంగా పోయి 14,941 వస్తుంది. 11, 13లను మళ్లీ పరీక్షించనక్కరలేదు. అసలు సంఖ్యను భాగించనిది దాని భాగఫలాన్నీ భాగించదు.

నాలుగో మెట్టు. 14,941కి హద్దు 122. మళ్లీ 31తో మొదలుపెట్టాలి, ఎందుకంటే అది రెండోసారి పోవచ్చు. శేషాలు ఇవి: 31కి 30, 37కు 30 (ఇది పోదని మూడో అంచెలోనే తేలినా, భాగహారం సరిచూసుకోవడానికి చేశాను), 41కి 17, 43కు 20, 47కు 42, 53కు 48, 59కి 14, 61కి 57. చివరికి 67 × 223 = 14,941.

చివరి మెట్టు. 223 ప్రధాన సంఖ్యేనా? 67 లోపు ప్రధాన సంఖ్యలేవీ దాన్ని భాగించవని పైన తేలింది. 67 వర్గం 4,489, 223 అంతకంటే చాలా చిన్నది. కనుక అది ప్రధానమే, కొత్త పరీక్ష అక్కరలేదు.

ఫలితం: 8,75,39,319 = 3³ × 7 × 31 × 67 × 223

సంఖ్య పూర్తిగా విడిపోవడానికి 2 నుంచి 67 వరకు ఉన్న 19 ప్రధాన సంఖ్యలే సరిపోయాయి. ప్రతి సంఖ్యా ఇంత సులువుగా లొంగదు. హద్దు వేలల్లో ఉండగా కారణాంకమేదీ దొరకకపోతే చేతి లెక్క ఆపి మిల్లర్–రాబిన్ వంటి ప్రధానతా పరీక్షను కంప్యూటర్‌కు అప్పగించడం మేలు. అక్కడ ఫెర్మా పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. దాన్ని మోసగించే సంయుక్త సంఖ్యలు ఉన్నాయి, వాటిలో మన 1,729 కూడా ఒకటి.

ముందుకు పోయేముందు సరిచూసుకోండి:

- కారణాంకాలన్నీ తిరిగి గుణిస్తే అసలు సంఖ్య రావాలి: 5,859 × 14,941 = 8,75,39,319.
- ప్రతి కారణాంకాన్నీ 4తో భాగించి చూడండి. 3, 7, 31, 67, 223 అన్నిటికీ శేషం 3. మొత్తం ఏడు కారణాంకాలు (3 మూడుసార్లు). 3ను ఏడుసార్లు గుణించి 4తో భాగిస్తే శేషం 3. మూడో అంచెలో వచ్చిన శేషంతో ఇది సరిపోయింది.
- 3ను వదిలేసి మిగిలినవాటిని 3తో భాగించండి. 7, 31, 67, 223 అన్నిటికీ శేషం 1.

చివరి రెండు వరుసలు సరిచూసుకోవడానికే రాసినట్టు కనిపించినా, ఈ సంఖ్య స్వభావమంతా వాటిలోనే ఉంది. వర్గాల విషయంలో అది ఎందుకు మొండికేస్తుందో మొదటిది చెబుతుంది, ఘనాల విషయంలో ఎందుకు ఉదారంగా ఉంటుందో రెండోది చెబుతుంది.

## 6. భాజకాల లెక్కలు

ఎన్ని భాజకాలు? ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించాలి: 4 × 2 × 2 × 2 × 2 = 64.

భాజకాల మొత్తం. 27కు 1 + 3 + 9 + 27 = 40. మిగిలిన ప్రతి కారణాంకానికీ ఒకటి కలిపితే చాలు: 8, 32, 68, 224. ఇక 40 × 8 = 320, 320 × 32 = 10,240, 10,240 × 68 = 6,96,320, 6,96,320 × 224 = 15,59,75,680.

ఈ మొత్తాన్ని సరిచూడడానికి చక్కటి ఉపాయం ఉంది. 8తో భాగిస్తే శేషం 7 వచ్చే సంఖ్యలో, ఏ భాజకాన్నైనా దాని జోడీ భాజకంతో కూడితే 8 గుణిజం వస్తుంది. ఎందుకంటే శేషాల లబ్ధం 7 కావాలంటే అవి 1, 7 గాని, 3, 5 గాని కావాలి, రెండు జంటల మొత్తమూ 8. కాబట్టి భాజకాల మొత్తం తప్పనిసరిగా 8తో పోవాలి. చివరి మూడంకెలు 680, పోతుంది.

సాపేక్ష ప్రధానాల సంఖ్య. 1 నుంచి ఈ సంఖ్య వరకు, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? 27కు 18 (27లో మూడో వంతు తీసేస్తే), మిగతావాటికి ఒక్కొక్కటి తగ్గించి 6, 30, 66, 222. లబ్ధం 4,74,72,480. అయిదు సరి సంఖ్యల లబ్ధం కనుక ఇది 32తో పోవాలి, పోతుంది. ఈ అయిదింటి క.సా.గు. 36,630. దీనర్థం, మన సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యనైనా 36,630వ ఘాతానికి పెంచి మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది.

## 7. ఏ వర్గంలో చేరుతుంది?

భాజకాల మొత్తంలోంచి సంఖ్యను తీసేస్తే 6,84,36,361 మిగులుతుంది. ఇది సంఖ్య కంటే 1,91,02,958 తక్కువ కాబట్టి న్యూన సంఖ్య. 64 భాజకాలు ఉండి కూడా న్యూనం కావడం చూసి లెక్క తప్పిందేమోనని కొందరు వెనక్కి పోతారు. భాజకాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, చిన్న కారణాంకాలు ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఇక్కడ 2, 5 రెండూ లేవు.

మిగిలిన వర్గీకరణను పట్టీలా రాసుకోవచ్చు:

- సంయుక్త సంఖ్య: అవును.
- వర్గరహిత సంఖ్య (1 కంటే పెద్ద వర్గమేదీ భాగించనిది): కాదు, 9 దాన్ని భాగిస్తుంది. అందువల్ల దాని మోబియస్ విలువ (వర్గరహితం కాని సంఖ్యలన్నిటికీ 0గా నిర్ణయించిన ఒక కొలత) 0.
- కార్మైకేల్ సంఖ్య (1,729లా ఫెర్మా పరీక్షను మోసగించేది): కాదు. అవి తప్పనిసరిగా వర్గరహితాలు కావాలి.
- వేర్వేరు ప్రధాన కారణాంకాలు: 5. పునరావృతంతో కలిపి: 7.
- వేర్వేరు కారణాంకాల లబ్ధం: 97,26,591.

## 8. రెండు ఘనాల మొత్తంగా రాయడం

ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. 1 నుంచి 444 వరకు ఒక్కొక్క ఘనాన్నీ తీసివేస్తూ, మిగిలింది ఘనమేనా అని చూడడం సాధ్యమే గాని ఓ పూట పడుతుంది. కారణాంకాలు చేతిలో ఉంటే నాలుగంటే నాలుగు పరీక్షలు చాలు.

కావలసిన రెండు సంఖ్యలు క, గ అనుకుందాం. క³ + గ³ను విడదీస్తే (క + గ) × (క² − కగ + గ²) వస్తుంది. కనుక క + గ మన సంఖ్యకు భాజకం కావాలి.

8.1 హద్దులు. క + గకు ఘనం కడితే అది ఘనాల మొత్తం కంటే పెద్దది, కాని నాలుగు రెట్లను దాటదు. సంఖ్య ఘనమూలం 444 పైన కొంచెం, నాలుగు రెట్ల (35,01,57,276) ఘనమూలం 704కూ 705కూ నడుమ. కాబట్టి క + గ విలువ 445 నుంచి 704 లోపు ఉండాలి.

8.2 ఆ హద్దుల్లోని భాజకాలు. 64 భాజకాలనూ రాయనక్కరలేదు. 3 ఘాతాన్ని బట్టి నాలుగు వరుసలు చేయండి. 7, 31, 67, 223లతో వచ్చే లబ్ధాలు 1, 7, 31, 67, 217, 223, 469, 1,561 అంటూ పోతాయి.

- 3 లేకుండా: హద్దుల్లో 469 ఒక్కటే.
- 3తో: లబ్ధం 149, 234 మధ్య కావాలి. 217, 223 ఉన్నాయి. భాజకాలు 651, 669.
- 9తో: 50, 78 మధ్య. 67 ఉంది. భాజకం 603.
- 27తో: 17, 26 మధ్య. ఏదీ లేదు.

8.3 ఆరు జల్లెడ. ఏ సంఖ్యనైనా దాని ఘనం నుంచి తీసేస్తే మూడు వరుస సంఖ్యల లబ్ధం వస్తుంది, అది 6తో పోతుంది. అందువల్ల క + గను 6తో భాగించినా, అసలు సంఖ్యను 6తో భాగించినా ఒకే శేషం రావాలి. మన సంఖ్యకు శేషం 3. 603, 651, 669 మూడింటికీ 3. 469కి 1. అది రాలిపోయింది.

8.4 సంఖ్యలను రాబట్టడం. క + గ అనే మొత్తానికి వర్గం కట్టి, అందులోంచి (సంఖ్య ÷ మొత్తం) తీసేస్తే క, గల లబ్ధానికి మూడు రెట్లు వస్తుంది. అదే వర్గంలోంచి లబ్ధానికి నాలుగు రెట్లు తీసేస్తే క, గల భేదానికి వర్గం వస్తుంది. అది పూర్ణవర్గమైతేనే జవాబు ఉన్నట్టు.

*మొత్తం 603:* వర్గం 3,63,609. సంఖ్య ÷ 603 = 1,45,173. తేడా 2,18,436, అందులో మూడో వంతు 72,812. నాలుగు రెట్లు 2,91,248. 3,63,609 − 2,91,248 = 72,361 = 269². కాబట్టి సంఖ్యలు (603 ± 269) ÷ 2, అంటే 436, 167.

*మొత్తం 651:* 4,23,801 − 1,34,469 = 2,89,332, మూడో వంతు 96,444. 4,23,801 − 3,85,776 = 38,025 = 195². సంఖ్యలు 423, 228.

*మొత్తం 669:* 4,47,561 − 1,30,851 = 3,16,710, మూడో వంతు 1,05,570. 4,47,561 − 4,22,280 = 25,281 = 159². సంఖ్యలు 414, 255.

8.5 సరిచూడడం.

- 167³ + 436³ = 46,57,463 + 8,28,81,856
- 228³ + 423³ = 1,18,52,352 + 7,56,86,967
- 255³ + 414³ = 1,65,81,375 + 7,09,57,944

మూడింటి మొత్తమూ 8,75,39,319. నాలుగో విధం లేదని కూడా ఇదే లెక్క రుజువు చేసింది, ఎందుకంటే హద్దుల్లో ఇంకో భాజకం లేదు. ఒక్కొక్క ఘనాన్నీ తడుముతూ పోయే పద్ధతిలో ఈ ధీమా చివరి ఘనం దాకా పోతేగాని దొరకదు.

రెండో, మూడో జంటల్లో రెండేసి సంఖ్యలూ 3 గుణిజాలే. వాటిని 3తో భాగిస్తే 76³ + 141³ = 85³ + 138³ = 32,42,197 వస్తుంది. ఐదో అంచె మొదటి మెట్టులో మిగిలిన భాగఫలం ఇదే. అంటే రెండు విధాలుగా రాయగల చిన్న సంఖ్యను 27తో గుణించగా, 167, 436ల జంట కొత్తగా వచ్చి చేరింది.

‘ధన పూర్ణాంకాలు’ అన్న షరతు మాత్రం వదలకండి. ఘనాల భేదాలను కూడా ఒప్పుకుంటే 728 కూడా మూడు విధాలుగా వస్తుంది: 6³ + 8³, 9³ − 1³, 12³ − 10³.

## 9. వర్గాల మొత్తంగా రాయడం

రెండు వర్గాలు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకం బేసి ఘాతంలో ఒక్కటున్నా, సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. మనకు అయిదూ అలాంటివే. పైగా ఈ సంఖ్య కర్ణంగా ఉండే పూర్ణాంక భుజాల లంబకోణ త్రిభుజమూ లేదు. దానికి 4తో భాగిస్తే 1 మిగిలే కారణాంకం ఒక్కటైనా ఉండాలి.

మూడు వర్గాలు. ఎర్ర సిరాతో రాసుకున్న 7 ఇప్పుడు అక్కరకొస్తుంది. 8తో భాగిస్తే 7 మిగిలే సంఖ్యను మూడు వర్గాల మొత్తంగానూ రాయలేం. వర్గాలను 8తో భాగిస్తే 0, 1, 4 శేషాలే వస్తాయి, వాటిలో ఏ మూడింటిని కూడినా 7 రాదు.

నాలుగు వర్గాలు. లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం తప్పక సాధ్యం. ఇక్కడ అతి పెద్ద వర్గంతో మొదలుపెట్టడం అందరూ చేసే పొరపాటు. 9,356 వర్గాన్ని తీసేస్తే 4,583 మిగులుతుంది. దాన్ని 8తో భాగిస్తే మళ్లీ 7, కనుక మూడు వర్గాలుగా విడదు. గంటసేపు వెతికినా దొరకదు. బేసి సంఖ్యతో మొదలుపెట్టండి. 9,355 వర్గం 8,75,16,025 తీసేస్తే 23,294. అందులోంచి 151 వర్గం 22,801 తీసేస్తే 493. అది 18² + 13².

8,75,39,319 = 9,355² + 151² + 18² + 13²

క్రమాన్నీ గుర్తులనూ వేరువేరుగా లెక్కిస్తే ఇలాంటి విధాలు ఎన్ని? బేసి సంఖ్యకు యాకోబి సూత్రం ప్రకారం భాజకాల మొత్తానికి 8 రెట్లు, అంటే 1,24,78,05,440. రెండు వర్గాలకూ మూడు వర్గాలకూ ఒక్క దారీ లేని సంఖ్యకు నాలుగు వర్గాల దగ్గర నూట ఇరవై నాలుగు కోట్లకు పైగా దారులున్నాయి.

## 10. అంకెల మీద ఆధారపడే ధర్మాలు

వీటిని చివర పెట్టడం నా ఇష్టమే. ఇవి సంఖ్య స్వభావం కంటే దాన్ని పది ఆధారంగా రాసే మన అలవాటు గురించే ఎక్కువ చెబుతాయి. త్వరగా ముగిద్దాం.

- హర్షద్ సంఖ్య (దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ పెట్టిన పేరు): అంకెల మొత్తం 45 సంఖ్యను భాగించాలి. 5 పోదు కనుక కాదు.
- స్మిత్ సంఖ్య: ప్రధాన కారణాంకాల అంకెల మొత్తం 3 + 3 + 3 + 7 + 4 + 13 + 7 = 40. అది 45 కావాలి, కాలేదు.
- హ్యాపీ నంబర్: అంకెల వర్గాల మొత్తం 319, ఆ తరువాత 91, 82, 68, 100, 1. ఒకటికి చేరింది కనుక అవును. మొదటి మొత్తం సంఖ్య చివరి మూడంకెలే కావడం కాకతాళీయం.
- ద్విసంఖ్యామానం: 101 0011 0111 1011 1110 0111 0111. మొత్తం 27 అంకెలు, అందులో ఒకట్లు 19. చివరి మూడు 111, అంటే 8తో భాగించినప్పటి శేషం 7.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కామాల దగ్గరే విడగొట్టడం. 8 | 75 | 39 | 319 అని మన కామాల ప్రకారం విడగొట్టి కూడితే 441 వస్తుంది. అది 27తో పోదు. అప్పుడు సంఖ్యే 27తో పోదనుకుని తప్పుదారి పడతారు. నేనూ ఒకసారి ఇలాగే చేసి, 3³కు బదులు 3² దగ్గర ఆగి, రెండు పేజీల లెక్క కొట్టేశాను. కామాలు లేకుండా ఒకసారి రాసుకుని, కుడినుంచి విడగొట్టడమే మందు.

తొమ్మిదితోనే సరిచూడడం. నకలు చేసేటప్పుడు 39ని 93గా మార్చి 8,75,93,319 అని రాస్తే అంకెల మొత్తం అదే 45. తొమ్మిది పరీక్షకు ఈ తప్పు చిక్కదు. పదకొండు పరీక్ష చేస్తే అసలు సంఖ్యకు 10, తప్పు సంఖ్యకు 0 వస్తాయి. రెండు పరీక్షలూ జంటగా చేయాలి.

దొరికిన కారణాంకాన్ని మళ్లీ పరీక్షించకపోవడం. 3 ఇక్కడ మూడుసార్లు పోయింది. ఒక్కసారి తగ్గించి రాస్తే భాజకాల సంఖ్య, మొత్తం, వర్గీకరణ అన్నీ తప్పుతాయి.

ఘాతంలో ఉన్న కారణాంకాన్ని తప్పుగా కూడడం. 27కు భాజకాల మొత్తం 28 అని (ఒకటి కలిపి) రాస్తారు. ఒకటి కలపడం ప్రధాన సంఖ్యకే చెల్లుతుంది, దాని ఘాతానికి చెల్లదు.

స్ప్రెడ్‌షీట్‌ను గుడ్డిగా నమ్మడం. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. మన సంఖ్యకు ఇబ్బంది లేదు. అయితే రెండు ఘనాల మొత్తంగా అయిదు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య 48988659276962496ను అందులో కొడితే చివరి రెండంకెలు సున్నాలవుతాయి. అప్పటినుంచి చేసే ప్రతి లెక్కా వేరే సంఖ్యకు సంబంధించినదే.

## 12. మీరే చేసి చూడడానికి

4,104 తీసుకోండి. పైన చెప్పిన క్రమమే పాటించండి, జవాబులు కింద ఉన్నాయి గాని ముందు మీ కాగితం నిండనివ్వండి.

- విభజన 2³ × 3³ × 19. భాజకాలు 32, వాటి మొత్తం 12,000. సంఖ్యకు రెట్టింపు 8,208 కంటే ఇది ఎక్కువ, కనుక అధిక సంఖ్య.
- అంకెల మొత్తం 9, భాగఫలం 456. హర్షద్ సంఖ్యే.
- ఘనాలకు క + గ హద్దులు 17 నుంచి 25. భాజకాలు 18, 19, 24. ఆరు జల్లెడలో 19 రాలిపోతుంది. 18 నుంచి 2³ + 16³, 24 నుంచి 9³ + 15³ వస్తాయి.
- 19 కారణంగా (3³ కారణంగా కూడా) రెండు వర్గాలుగా విడదు. మూడు వర్గాలుగా మాత్రం విడుతుంది: 64² + 2² + 2².